పదికిలోల లోపు

మండపేట దాటాక మిల్లుల వరసలో
పద్దెనిమిదేళ్ళుగా కాటా గుమస్తాను.
నిండు లారీ ఎక్కుతుంది, అంకె రాస్తాను.
ఖాళీ లారీ ఎక్కుతుంది, అంకె రాస్తాను.
వచ్చేదీ పోయేదీ లారీలే.
నేను కుర్చీలోంచి లేవక్కర్లేదు.

కిటికీలోంచి ఒక చెయ్యి చాపితే టీ,
రెండో చెయ్యి చాపితే పుణుకులు.
ఆత్రేయపురం మీదుగా వచ్చిన డ్రైవర్లు
పొట్లంలో పూతరేకులు పెట్టి పోతారు,
తూకంలో నేనేదో చూసీ చూడనట్టు ఉంటానని.
ఉండను. కానీ పూతరేకులు తింటాను.

రక్తపరీక్ష కాగితం మీద మూడంకెలు చూసిన రోజు
లారీ లేని కాటా మీద నేనే ఎక్కాను.
ఎనభై అంది.
ఆ యంత్రానికి పదికిలోల లోపు లెక్కలేదు.

డాక్టరు మాత్రలు రాశాడు.
మా ఆవిడ మంగతాయారు అక్కడితో ఊరుకోక
లాకుల దగ్గర దీవెనమ్మ ఇంటికి తోలింది.
మిషన్ ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళు ఆయా,
అంతకుముందు ఆకులెరిగిన తల్లికి కూతురు.
నాడి పట్టలేదు. నాలుక చూడలేదు.
గుమ్మం బయట విడిచిన నా చెప్పులు తిరగేసి చూసింది.
"ఎన్నాళ్ళయింది కొని?"
నాలుగేళ్ళన్నాను.
"మడమ అరగలేదేంటి బాబూ?"

కంచె మీది తీగనించి రెండాకులు తుంచి నమలమంది.
నమిలాక బెల్లం పలుకు పెట్టింది.
నోట్లో బెల్లం లేదు.
ఇసుక.
కోటిపల్లి ర్యాంపులో లారీకెత్తే ఇసుక, అచ్చం అదే.

"పొడపత్రి.
నాలిక్కి గంటసేపు తీపి తెలీదు, ఆయ్.
మిగతా ఇరవైమూడు గంటలూ
నువ్వు చూసుకోవాల."

తీగ ముక్క ఇమ్మన్నాను, మా పెరట్లో నాటుకుంటానని.
ఇవ్వలేదు.
ఎండబెట్టి పొడి చేసిమ్మంటే నవ్వింది.
"బిళ్ళలు మానేవంటే గుమ్మం ఎక్కనివ్వను.
ఆకు కావాలా, రోజూ రా. నడిచి రా.
బండి చప్పుడు వినబడితే ఆకు అయిపోయిందంటాను."

ఇంటి నుంచి లాకులకి రెండున్నర కిలోమీటర్లు.
మొదటి వారం కుక్కలు నన్ను దొంగనుకున్నాయి.
రెండో వారం వాటికి విసుగొచ్చింది.
కాలవ నిండా గుర్రపుడెక్క,
గట్టు మీద ప్రతి ఆకు పైనా మా మిల్లుల ఊకబూడిద.
ఆ బూడిద తుడిచి తుడిచి ఒక్కొక్కటీ చూపించింది:
ఇది గుంటగలగర, నీ బట్టతలకి ఇప్పుడు దండగ.
ఇది అటికమామిడి. ఇది పొన్నగంటి,
మందు కాదు, కూర. పప్పులో వేయించుకో, అన్నం తగ్గించు.

పాలిష్ పట్టని బియ్యం పాతిక కిలోలు కావాలంటే
మా షావుకారు అద్దాలు తీసి చూశాడు.
"బియ్యానికి మెరుపు పెట్టే కదయ్యా
నీకు జీతమిస్తున్నాను!"
ఇచ్చాడు లెండి, ఖాతాలో రాసి.
రాత్రి తొమ్మిదిన్నరకి మంగతాయారు
నా ఫోను తీసి ఆ బియ్యం డబ్బాలోనే పూడుస్తుంది.
కాసేపు చూరులో బల్లితో మాట్లాడి నిద్రపోతాను.

వేసవికి కాలవలు కట్టేశారు.
గట్టుమీద ఎవరో కలుపుమందు కొట్టారు.
మూడోనాటికి దీవెనమ్మ కంచె కూడా మాడింది.
తీగ పట్టుకు లాగితే పురికొసలా చేతికొచ్చింది.
అది దాన్ని చుట్టచుట్టి చూరులో దోపి,
నాకు గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది, ఉప్పు లేకుండా.
"ఆకు లేదు బాబూ."
సరే అన్నాను.
మర్నాడు కుక్కలు దారిచ్చాక గానీ
నాకు గుర్తురాలేదు, ఎందుకు వెళ్తున్నానో.
వెనక్కి తిరగలేదు.
ఆవిడ నన్ను చూసి ఏమీ అనలేదు.
మజ్జిగ అప్పటికే కలిపి ఉంది.

మొన్న ఆదివారం మిల్లు సెలవు.
కాటా మీదికెక్కాను.
ఎనభై.
ఆరునెలల కిందటా ఎనభయ్యే.
అద్దం తుడిచి మళ్ళీ ఎక్కాను. ఎనభై.
ఇన్నాళ్ళూ దీన్ని నమ్మే కదా సంతకాలు పెట్టాను!

దిగి, చెప్పులు విడిచి, తిరగేసి చూశాను.
ఎడమ మడమ కాగితమంత మిగిలింది.
ఒకటో తారీఖు రానీ,
కొత్త జత కొనాలి.